పాత ప్రోగ్రామును కొత్త మెషిన్‌కి తెచ్చేటప్పుడు డీబగ్గర్ వాడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఉండి పాత సీ ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్లకు మార్చి ఇవ్వడం నా పని. రైస్ మిల్లులు, కాంటాలు, చిన్న ఫ్యాక్టరీలు. పదిహేనేళ్ళ కింద ఎవరో రాసి వదిలేసి పోయిన కోడ్. సాయంత్రం పూట గడియారం సెంటర్ దగ్గర ఒక గదిలో నలుగురైదుగురు పిల్లలకు ఇదే నేర్పుతుంటాను. దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి ఫోన్ చేసేవాళ్ళూ ఉన్నారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు తెలుగులో రాశాను. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే. "మైనస్ జీ" అంటే అడ్డగీత, దానికి ఆనుకునే చిన్న జీ. మధ్యలో ఖాళీ ఉండదు.

పోర్టింగ్ అంటే ఏంటి? సోర్స్ లెవెల్ డీబగ్గర్ అంటే ఏంటి?

ఒక రకం కంప్యూటర్ మీద నడుస్తున్న ప్రోగ్రామును ఇంకో రకం కంప్యూటర్ మీద నడిచేలా చేయడం పోర్టింగ్. విండోస్ నుంచి లినక్స్‌కి, 32 బిట్ నుంచి 64 బిట్‌కి, ఇంటెల్ ప్రాసెసర్ నుంచి రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డుకి.

డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రామును మనం చెప్పిన చోట ఆపి, ఆ క్షణంలో ఏ వేరియబుల్‌లో ఏముందో చూపించే సాధనం. ప్రాసెసర్‌కు తెలిసింది మెషిన్ కోడ్ మాత్రమే. సోర్స్ లెవెల్ డీబగ్గర్ మనకు ఆ మెషిన్ కోడ్ చూపించకుండా మనం రాసిన సీ లైన్లే చూపిస్తుంది, మనం పెట్టిన పేర్లతోనే మాట్లాడుతుంది.

ప్రింట్‌ఎఫ్‌లు పెట్టుకుంటే సరిపోతుంది కదా సార్?

ప్రింట్‌ఎఫ్ అంటే సీలో విలువను తెర మీద రాయించే ఫంక్షన్. చాలాసార్లు అది సరిపోతుంది. నేనూ ఇప్పటికీ పెడతాను. కానీ ప్రింట్‌ఎఫ్ పెట్టాలంటే ఏ వేరియబుల్ మీద అనుమానమో ముందే తెలియాలి. మనం రాసిన కోడ్ అయితే తెలుస్తుంది. పోర్టింగ్‌లో కోడ్ మనది కాదు. ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టి, కంపైల్ చేసి (అంటే మెషిన్ కోడ్‌గా మార్చి), బోర్డుకి పంపి, నడిపి చూస్తే "ఇది కాదు, ఆ పక్కది చూడాల్సింది" అని తేలుతుంది. మళ్ళీ మొదటికి. డీబగ్గర్‌లో అయితే ఒకసారి ఆపాక పక్కది, దాని పక్కది, పిలిచిన ఫంక్షన్‌లోది, అన్నీ అక్కడే అడగొచ్చు.

ఇంకో మోసం ఉంది. ప్రింట్‌ఎఫ్ రాసింది వెంటనే బయటికి పోదు, బఫర్‌లో ఆగుతుంది. అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్ళించి ఉంటే మరీ ఎక్కువ. ప్రోగ్రాము పడిపోతే బఫర్‌లో ఉన్న చివరి లైన్లు దాంతోపాటే పోతాయి. ఇక మీరు "పదో మెసేజ్ వచ్చింది, పదకొండు రాలేదు, తప్పు ఈ మధ్యలోనే ఉంది" అని సంబంధం లేని చోట రాత్రంతా వెతుకుతారు. నేను వెతికాను. అప్పటి నుంచి ప్రింట్‌ఎఫ్ పెడితే పక్కనే బఫర్‌ను అక్కడికక్కడ ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ కూడా పెడతాను, లేదా బఫర్‌లో ఆగని ఎస్‌టీడీఈఆర్‌ఆర్‌కి రాస్తాను.

ఏ డీబగ్గర్ నేర్చుకోవాలి?

లినక్స్ మీద జీడీబీ. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. మ్యాక్ ఉంటే ఎల్‌ఎల్‌డీబీ. విండోస్‌లో విజువల్ స్టూడియోలో ఉన్నది చక్కగా ఉంటుంది. మీరు వీఎస్ కోడ్‌లో ఎర్ర చుక్క పెట్టి ఆపుతున్నారంటే లినక్స్ మీద వెనక పనిచేసేది సాధారణంగా జీడీబీయే. ఎర్ర చుక్కతో మొదలుపెట్టినా తప్పు లేదు. అయితే మిల్లులో కూర్చుని నల్ల తెర మీద పని చేయాల్సి వచ్చిన రోజు చుక్క పెట్టడానికి మౌస్ ఉండదు. అందుకే నా దగ్గర మొదటి నెల కమాండ్లే.

ఎన్ని కమాండ్లు గుర్తుపెట్టుకోవాలి?

ఎనిమిది. బ్రేక్, రన్, నెక్స్ట్, స్టెప్, ఫినిష్, ప్రింట్, బీటీ, కంటిన్యూ. బ్రేక్ అంటే ఎక్కడ ఆగాలో గుర్తు పెట్టడం, ఆ గుర్తే బ్రేక్‌పాయింట్. రన్ మొదలుపెడుతుంది, ప్రింట్ విలువ చూపిస్తుంది, కంటిన్యూ ఆగిన చోటు నుంచి ముందుకు పోనిస్తుంది. చాలావాటికి మొదటి అక్షరం కొడితే చాలు. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే పోయినసారి కమాండే మళ్ళీ జరుగుతుంది, కాబట్టి ఒకసారి నెక్స్ట్ కొట్టి ఎంటర్ నొక్కుతూ పోవచ్చు.

నెక్స్ట్‌కీ స్టెప్‌కీ తేడా దగ్గర అందరూ తడబడతారు. ఆ లైన్‌లో ఏదైనా ఫంక్షన్‌ను పిలిస్తే, స్టెప్ దాని లోపలికి పోతుంది. నెక్స్ట్ దాన్ని మొత్తం జరగనిచ్చి కింది లైన్ దగ్గర ఆగుతుంది. పొరపాటున లోపలికి పోయారా, ఫినిష్ కొట్టండి. ఆ ఫంక్షన్ అయిపోయి బయటికి వస్తారు, అది తిరిగిచ్చిన విలువ కూడా చూపిస్తుంది. కంట్రోల్ ఎక్స్ నొక్కి తర్వాత ఏ నొక్కితే తెర పైభాగంలో కోడ్ కనిపిస్తుంది. మొదటి రోజు ఇది చూపిస్తే పిల్లల ముఖాలు వెలుగుతాయి.

"నో డీబగ్గింగ్ సింబల్స్ ఫౌండ్" అంటోంది. ఏం చేయాలి?

కంపైల్ చేసేటప్పుడు మైనస్ జీ ఇవ్వలేదు. అది ఇస్తేనే ఏ మెషిన్ కోడ్ ఏ లైన్‌దో, ఏ వేరియబుల్ ఎక్కడుందో చెప్పే పట్టికను కంపైలర్ ఫైల్‌లో పెడుతుంది. ఆ పట్టిక రూపం పేరు డ్వార్ఫ్. ప్రోగ్రాము వేగం తగ్గదు, ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది.

ఇచ్చినా అదే మాట అంటోందా? మేక్‌ఫైల్‌లో (ఏది ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండే ఫైల్) సీఫ్లాగ్స్ అన్న లైన్ చూడండి. మార్చాక మేక్ క్లీన్ కొట్టారా? పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళు అలాగే ఉంటే కొత్త ఆప్షన్ వాటికి తగలదు. చివర్లో స్ట్రిప్ అనే కమాండ్ ఏదైనా ఉందేమో చూడండి. అది ఈ పట్టికనే చెరిపేస్తుంది. పాత మేక్‌ఫైళ్ళలో ఇది ఎక్కడో అడుగున దాక్కుని ఉంటుంది.

వేరియబుల్ అడిగితే "ఆప్టిమైజ్‌డ్ అవుట్" అంటోంది, నెక్స్ట్ కొడితే లైన్లు ముందుకీ వెనక్కీ దూకుతున్నాయి. డీబగ్గర్ చెడిపోయిందా?

డీబగ్గర్ బాగానే ఉంది. కంపైలర్ వేగం కోసం మీ లైన్లను కలిపేసింది, అటూ ఇటూ మార్చింది, కొన్ని వేరియబుల్స్‌ను అసలు ఉంచనే లేదు. మైనస్ పెద్ద ఓ పక్కన సున్నా పెట్టి, లేదా మైనస్ పెద్ద ఓ పక్కన చిన్న జీ పెట్టి కంపైల్ చేయండి. రెండోది డీబగ్గింగ్ కోసమే జీసీసీ అనే కంపైలర్ 4.8 వెర్షన్‌లో తెచ్చారు.

సున్నా పెట్టగానే తప్పు మాయమైందనుకోండి, సంతోషపడి అలాగే ఇచ్చేయకండి. అది పెద్ద ఆచూకీ. విలువ పెట్టని వేరియబుల్‌నో, హద్దు దాటిన అరేనో కోడ్ వాడుతోందని చాలావరకు అర్థం. పాత కంపైలర్ పట్టించుకోలేదు, కొత్తది ఊరుకోవడం లేదు.

ఇరవై వేల లైన్ల కోడ్ ఇచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు పిల్లలమర్రి కింద నిలబడి అసలు మాను ఏదో, దిగిన ఊడ ఏదో చూపించమంటే చెప్పడం కష్టం. పాత కోడ్ కూడా అంతే. చదువుతూ కూర్చుంటే నెల పోతుంది.

తప్పు జోలికి పోకముందు, సరిగ్గా జరిగే పని ఒకటి ఎంచుకోండి. ఒక లారీ కాంటా ఎక్కింది, ఒక స్లిప్పు వచ్చింది. అంతే. బ్రేక్ మెయిన్ అని కొట్టి, రన్ చేసి, ఆ ఒక్క స్లిప్పు పుట్టే దారిని నెక్స్ట్, స్టెప్ కొడుతూ ఒకసారి నడవండి. పక్కన నోట్‌బుక్‌లో ఫంక్షన్ల పేర్లు రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నాడి ఎలా కొట్టుకుంటుందో తెలియనివాడికి జ్వరం నాడి ఏం తెలుస్తుంది?

సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోయింది. మొట్టమొదట ఏం కొట్టాలి?

తనది కాని మెమరీని తాకిన ప్రోగ్రామును సిస్టమ్ ఇలా ఆపేస్తుంది. అప్పుడు కొట్టాల్సింది బీటీ. బ్యాక్‌ట్రేస్ అని. పడిపోయిన క్షణంలో ఏ ఫంక్షన్‌ను ఎవరు పిలిచారో, వాళ్ళను ఎవరు పిలిచారో మెయిన్ దాకా చూపిస్తుంది.

సాగర్ ఎడమ కాల్వ కింద పొలం ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చివరి మడికి నీళ్ళు రాకపోతే ఆ మడిలోనే నిలబడి తవ్వుకోరు. ఏ తూము దగ్గర ఎవరు మళ్ళించారో చూస్తూ కాల్వ గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. బీటీలో సున్నా నంబరు ఫ్రేమ్ (జాబితాలో మొట్టమొదటి వరుస) చివరి మడి. అక్కడ చాలాసార్లు ఎస్‌టీఆర్‌లెన్ లాంటి లైబ్రరీ ఫంక్షన్ పేరు ఉంటుంది. "సార్, ఎస్‌టీఆర్‌లెన్‌లో బగ్ ఉంది" అని ఫోన్ చేయకండి. దానికి ఇచ్చిన పాయింటర్ (మెమరీలో చోటు చెప్పే అడ్రసు) చెడ్డది. అప్ అని కొడుతూ మీ కోడ్ వచ్చేదాకా పైకి రండి. అక్కడ ఇన్‌ఫో లోకల్స్, ఇన్‌ఫో ఆర్గ్స్ కొడితే ఆ ఫంక్షన్‌లోని విలువలన్నీ వస్తాయి.

32 బిట్ నుంచి 64 బిట్‌కి తెచ్చినప్పుడు పాయింటర్‌ను చూడగానే దొరికిపోయే తప్పు ఒకటుంది. జీడీబీలో మామూలుగా కనిపించే పాయింటర్‌కు హెక్సులో పన్నెండు అంకెలు ఉంటాయి. మీ పాయింటర్ ఎనిమిదికే ఆగిపోయిందా? పై సగం ఎవరో కోసేశారు. ఎక్కువగా జరిగేది ఏంటంటే, పాయింటర్ తిరిగిచ్చే ఫంక్షన్‌ను ముందు డిక్లేర్ చేయకుండా పిలుస్తారు. పాత సీ నియమం ప్రకారం కంపైలర్ అది ఇంట్ ఇస్తుందని అనుకుంటుంది. ఇంట్ 32 బిట్లే. 32 బిట్ మెషిన్‌లో పాయింటర్ కూడా 32 బిట్లే కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియలేదు. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి దీన్ని వార్నింగ్‌తో సరిపెట్టకుండా ఎర్రర్‌గానే ఆపేస్తోంది. "కొత్త కంపైలర్ సతాయిస్తోంది, పాతది వేసుకుంటా" అనేవాళ్ళకు నా సలహా: సతాయించనివ్వండి.

పడిపోవడం లేదు, కానీ జవాబు తప్పు వస్తోంది. దీన్ని ఎలా పట్టుకోవాలి?

పోర్టింగ్‌లో అసలు పని ఇదే. నేను ఈ గదిలో నేర్పేది కూడా ముఖ్యంగా ఇదొక్కటే. మామూలు డీబగ్గింగ్‌లో లేని ఒక అదృష్టం మీకుంది. అదే ప్రోగ్రాము ఇంకో మెషిన్‌లో సరిగ్గా నడుస్తోంది. అంటే జవాబు పత్రం మీ చేతిలో ఉంది. రెండు మెషిన్లలో రెండు డీబగ్గర్లు తెరిచి, అదే ఇన్‌పుట్ ఇచ్చి, రెండింటి విలువలు మొట్టమొదట ఎక్కడ విడిపోయాయో చూడండి.

మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో జరిగింది చెబుతాను. కాంటా స్లిప్పు కొట్టే ప్రోగ్రాము. పాత ఇంటెల్ పీసీ ఊక దుమ్ముకు ఆగిపోతోందని దాన్ని రాస్ప్‌బెర్రీ పై మీదికి మార్చాను. ఎర్రర్లు లేవు, బరువు సరిగ్గా వచ్చింది, డబ్బులు తీసుకుని ఇంటికొచ్చాను. మర్నాడు కాంటా మీద ఉండే పిల్లగాడి ఫోన్. "అన్నా, పేర్లు సగమే పడుతున్నయి. ఒకాయన స్లిప్పు చూసి నా పేరు గిట్లెందుకు కొట్టిన్రని లొల్లి పెడుతుండు." ఫోటో పంపాడు. నర్సింహులు అని ఉండాల్సిన చోట "నర్సిం" అని, దాని పక్కన నల్ల డైమండ్‌లో ఒక ప్రశ్నార్థకం.

అదే కోడ్ నా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో నడిపితే పేరు పూర్తిగా వచ్చింది. రెండు తెరలు పక్కపక్కన పెట్టాను. పేరును ఇరవై అక్షరాలకు కత్తిరించే ఫంక్షన్ దగ్గర రెండింట్లోనూ బ్రేక్‌పాయింట్. అదే పేరు ఇచ్చాను. అటు నెక్స్ట్, ఇటు నెక్స్ట్. మూడో నెక్స్ట్‌కి ల్యాప్‌టాప్ ఇఫ్ లోపలికి పోయింది, రాస్ప్‌బెర్రీ పై మాత్రం ఎల్స్‌లోకి పోయింది. వెనక్కి వచ్చి ఆ ఇఫ్ ముందు ఆపి, పేరులోని మొదటి బైట్‌ను ప్రింట్ చేశాను. ల్యాప్‌టాప్ మైనస్ 32 అంది. పై 224 అంది.

రెండూ ఒకటే బైట్. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. "న" అంటే 224, 176, 168. సీలో ఒక బైట్ పట్టే రకం పేరు చార్. ఇంటెల్ లినక్స్‌లో చార్ అంటే మైనస్ విలువలు కూడా ఉండే రకం కాబట్టి 224 అక్కడ మైనస్ 32 అయింది. ఆర్మ్ లినక్స్‌లో చార్‌కు మైనస్ ఉండదు. సీ ప్రమాణం రెండింటికీ ఒప్పుకుంటుంది. ఆ కోడ్ రాసినాయన "బైట్ సున్నా కంటే తక్కువైతే తెలుగు అక్షరం, మూడు బైట్లు దాటు" అని రాశాడు. పై మీద ఏ బైటూ సున్నా కంటే తక్కువ కాదు. అందుకని ప్రతి బైట్‌నూ ఒక అక్షరంగా లెక్కపెట్టి ఇరవై బైట్ల దగ్గర కోసేసింది. ఆరు మూళ్ళు పద్దెనిమిది. న, ర, పొల్లు, స, గుడి, సున్న. మిగిలిన రెండు బైట్లు "హ"లో సగం. ఆ సగమే నల్ల డైమండ్.

వడ్ల సీజన్, గేటు బయట లారీలు. ఆ రాత్రికి మైనస్ ఎఫ్‌సైన్డ్ మైనస్ చార్ అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేసి పంపించాను. అది ఆర్మ్‌లో కూడా చార్‌ను ఇంటెల్‌లో లాగే చూస్తుంది. సీజన్ అయ్యాక కోడ్‌లోనే అన్‌సైన్డ్ చార్ అని రాసి, 128 కంటే తక్కువా కాదా అని చూసేలా మార్చాను. ఇందులో ఇంకో చుట్టం ఉంది. గెట్‌చార్ ఇచ్చిన దాన్ని ఇంట్‌లో కాకుండా చార్‌లో పెట్టుకుని, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ (మైనస్ ఒకటి) వచ్చేదాకా తిరిగే లూప్. ఆర్మ్ మీద ఆ లూప్ ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే మైనస్ ఒకటి అక్కడ 255 అవుతుంది.

పదివేల సార్లు తిరిగే లూప్ అయితే రెండు మెషిన్లలో నెక్స్ట్ కొడుతూ ఎంతసేపు కూర్చోవాలి?

కూర్చోవద్దు. బ్రేక్‌పాయింట్ పెట్టాక కమాండ్స్ అని కొడితే, అక్కడ ఆగిన ప్రతిసారీ ఏం చేయాలో రాసి పెట్టొచ్చు. మొదట సైలెంట్, తర్వాత కావలసిన ప్రింట్లు, చివర కంటిన్యూ, ఎండ్. ఇవన్నీ ఒక ఫైల్‌లో రాసుకుని మైనస్ ఎక్స్‌తో జీడీబీకి ఇవ్వండి. రెండు మెషిన్లలోనూ అదే ఫైల్. అవుట్‌పుట్‌ను రెండు ఫైళ్ళలోకి తీసుకుని, వాటి మధ్య తేడాలు చూపించే డిఫ్ కమాండ్ కొట్టండి. మొదటి తేడా లైన్ మీ దారి. ఆ కింద వచ్చే తేడాలన్నీ దాని పిల్లలే, వాటిని చూసి టెన్షన్ పడొద్దు.

పాయింటర్ల అడ్రసులు మాత్రం ప్రింట్ చేయకండి. అవి రెండు మెషిన్లలో ఎలాగూ వేరుగా ఉంటాయి. డిఫ్ నిండా చెత్త వస్తుంది. పాయింటర్ చూపించే విలువను ప్రింట్ చేయండి.

పాత డేటా ఫైల్ చదివితే పిచ్చి పిచ్చి అంకెలు వస్తున్నాయి. ఎందుకు?

స్ట్రక్ట్‌ను (కొన్ని విలువలను కలిపి కట్టిన మూట) ఉన్నదున్నట్టు ఫైల్‌లో రాసేసి ఉంటారు. స్లిప్పు నంబరుకు ఒక ఇంట్, బరువుకు ఒక లాంగ్ ఉందనుకోండి. 32 బిట్ లినక్స్‌లో రెండూ నాలుగేసి బైట్లు, రికార్డు మొత్తం 8. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు, అది 8తో భాగించబడే చోటనే మొదలవ్వాలి కాబట్టి మధ్యలో 4 బైట్ల ఖాళీ, మొత్తం 16. కొత్త ప్రోగ్రాము ఒక రికార్డు చదివానుకుని పాతవి రెండు మింగేస్తుంది. రెండో లారీ బరువు 18,450 కిలోలు ఉంటే, మొదటి లారీ బరువు 79 లక్షల కోట్ల కిలోల పైచిలుకు కనిపిస్తుంది. స్లిప్పు నంబరు మాత్రం సరిగ్గానే ఉంటుంది. అదే మనల్ని తికమక పెడుతుంది.

జీడీబీలో పీటైప్ స్లాష్ చిన్న ఓ, తర్వాత స్ట్రక్ట్ పేరు కొట్టండి. ఏ మెంబర్ ఎన్నో బైట్ దగ్గర ఉంది, ఎక్కడ ఖాళీ వచ్చింది అన్నీ గీసినట్టు చూపిస్తుంది. రెండు మెషిన్లలో కొట్టి పక్కపక్కన పెడితే ఐదు నిమిషాల పని. 8.1 కంటే పాత జీడీబీలో ఇది ఉండదు.

64 బిట్ విండోస్‌లో లాంగ్ ఇంకా 4 బైట్లే. కాబట్టి "రెండూ 64 బిట్టే కదా" అనుకుని విండోస్ నుంచి లినక్స్‌కి తెచ్చేవాళ్ళు కూడా ఇక్కడే బోర్లా పడతారు. ఇంట్32 అండర్‌స్కోర్ టీ లాంటి, సైజు పేరులోనే ఉన్న రకాలు వాడండి.

విండోస్ నుంచి వచ్చిన టెక్స్ట్ ఫైల్‌లో ఊరి పేరు సరిగ్గానే కనిపిస్తుంది, కానీ రెండు స్ట్రింగ్‌లను పోల్చే ఎస్‌టీఆర్‌సీఎంపీ సమానం కాదంటుంది.

ఆ స్ట్రింగ్‌ను జీడీబీలో ప్రింట్ చేయండి. చివర బ్యాక్‌స్లాష్ ఆర్ కనిపిస్తుంది. విండోస్ లైన్ చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ కోడ్ ఒకటే తీసేసింది. తెర మీద కనిపించనిది డీబగ్గర్‌లో కనిపిస్తుంది.

ఒక వేరియబుల్ తనంతట తానే మారిపోతోంది. ఎవరు మారుస్తున్నారో తెలియదు.

వాచ్ అని కొట్టి వేరియబుల్ పేరు ఇవ్వండి, కంటిన్యూ చేయండి. ఎవరు దాన్ని తాకి మార్చినా అక్కడికక్కడ ఆగి పాత విలువ, కొత్త విలువ చూపిస్తుంది. పొలంలో ఎవరి గొడ్లు పడుతున్నాయో తెలియక మంచె మీద కాపలా పడుకుంటారు కదా, అలాంటిది. దీనికి ప్రాసెసర్‌లోనే ఏర్పాటు ఉంటుంది, అందుకే వేగంగా నడుస్తుంది. ఇంటెల్‌లో ఆ స్థలాలు నాలుగే. అంతకంటే ఎక్కువ పెడితే, లేదా పెద్ద అరే మొత్తాన్ని కాపలా కాయమంటే, కుదరదనో లేక ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చూసుకుంటూ నత్తలాగానో పోతుంది.

ఎక్కువగా దొరికే దొంగ పక్కింటి అరే. పది గడులే ఉంటే పదకొండోది రాస్తారు. కొత్త మెషిన్‌లో ఆ పదకొండో గడి స్థానంలో మీ వేరియబుల్ ఉంటుంది. పాత మెషిన్‌లో అక్కడ ఖాళీ ఉండేది, అంతే తేడా.

బోర్డులో జీడీబీ పెట్టేంత జాగా లేదు.

బోర్డులో జీడీబీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రాము పెడితే చాలు. దానికి కోలన్ 2345 అని పోర్ట్ నంబరు, ప్రోగ్రాము పేరు ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో జీడీబీ మల్టీఆర్క్ తెరిచి, టార్గెట్ రిమోట్ అని బోర్డు అడ్రసు, అదే పోర్ట్ ఇవ్వండి. సోర్స్, సింబల్స్ అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ప్రోగ్రాము నడిచేది మాత్రం బోర్డు మీద. జీడీబీ సర్వర్‌కు పాస్‌వర్డ్ ఉండదు, కాబట్టి ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి.

బోర్డే లేనివాళ్ళు క్యూఈఎంయూ అనే ప్రోగ్రాముతో ఇంటెల్ ల్యాప్‌టాప్ మీదే ఆర్మ్ ప్రోగ్రాములు నడపొచ్చు. దానికీ మైనస్ జీ అని పోర్ట్ నంబరు ఇస్తే జీడీబీ కోసం ఎదురుచూస్తుంది. ఇంతకుముందు చెప్పిన చార్ తమాషా మొత్తం ఇలా రూపాయి ఖర్చు లేకుండా చూడొచ్చు.

నడుస్తున్న ప్రోగ్రాముకు అటాచ్ చేస్తే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటోంది.

ఉబుంటు లాంటి వాటిలో ఇది భద్రత కోసం పెట్టిన అడ్డు. సుడోతో నడపండి.

నెలకోసారి మాత్రమే పడిపోతుంది. అప్పుడు నేను అక్కడ ఉండను.

కోర్ ఫైల్ మిగిలేలా చేయండి. ప్రోగ్రామును మొదలుపెట్టే స్క్రిప్టులో యూలిమిట్ మైనస్ సీ అన్‌లిమిటెడ్ అని పెడితే, పడిపోయిన క్షణంలో మెమరీ మొత్తం ఒక ఫైల్‌గా మిగులుతుంది. కొన్ని లినక్స్‌లలో కోర్‌డంప్‌సీటీఎల్ అనే కమాండ్ దగ్గర దొరుకుతుంది. ప్రోగ్రాము, కోర్ రెండూ ఇచ్చి జీడీబీ తెరిస్తే పడిపోయిన చోటే ఉంటారు. ముందుకు నడవలేరు, కానీ బీటీ, ప్రింట్ పనిచేస్తాయి. ఇచ్చిన ప్రతి బిల్డ్‌నూ మైనస్ జీతో మీ దగ్గర దాచిపెట్టుకోండి. ఒకసారి నేను దాచలేదు. కోర్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో బస్సెక్కి వచ్చింది. దానికి సరిపోయే ప్రోగ్రాము నా దగ్గర లేదు. మళ్ళీ కంపైల్ చేసింది దానితో కలవలేదు.

డీబగ్గర్ కింద బాగా నడుస్తుంది, బయట పడిపోతుంది!

జీడీబీ మామూలుగా అడ్రసులను ప్రతిసారీ కలగాపులగం చేసే లినక్స్ అలవాటును ఆపేసి ప్రోగ్రామును నడుపుతుంది. సెట్ డిజేబుల్ మైనస్ రాండమైజేషన్ ఆఫ్ అని కొట్టి నాలుగైదుసార్లు నడిపి చూడండి. అయినా దొరక్కపోతే మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ పెట్టి కంపైల్ చేయండి. హద్దు దాటిన మొదటి క్షణంలోనే లైన్ నంబరుతో సహా గగ్గోలు పెడుతుంది. నిజం చెప్పాలంటే కొత్త మెషిన్‌కి తెచ్చిన రోజే ఒకసారి దీనితో నడిపి చూడటం మంచిది. నేనే బద్ధకిస్తుంటాను.

ఏఐని అడిగితే చెప్పేస్తుంది కదా?

కోడ్ ఇస్తే అనుమానాలు బాగానే చెబుతుంది. ఆ మిల్లు కోడ్ ఇస్తే చార్ సంగతి చెప్పొచ్చు కూడా, దాంతోపాటు ఇంకో తొమ్మిది చెబుతుంది. పదింటిలో ఏది నిజమో తేల్చాల్సింది మీ మెషిన్‌లో ఉన్న విలువే. బీటీ, ప్రింట్ల అవుట్‌పుట్ కూడా ఇచ్చి అడగండి, అప్పుడు సూటిగా మాట్లాడుతుంది.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు మెసేజ్‌లు చూస్తే భయమేస్తుంది.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. జీడీబీ మాట్లాడే మాటలు చాలా తక్కువ, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. నోట్‌బుక్‌లో ఎడమవైపు మెసేజ్, కుడివైపు అప్పుడు అసలు ఏం జరిగిందో తెలుగులో రాసుకోండి. నా గదిలో ఒక అమ్మాయి "సిగ్‌సెగ్వీ" (సెగ్మెంటేషన్ ఫాల్ట్‌కే జీడీబీ చూపించే పేరు) పక్కన "మనది కాని ఇంట్లో అడుగుపెట్టింది" అని రాసుకుంది. ఇంజినీరింగ్ చదివిన వాళ్ళలో కూడా అంత సరిగ్గా చెప్పేవాళ్ళను తక్కువగా చూశాను.

ఎన్నాళ్ళు పడుతుంది?

కమాండ్లకు వారం. ఎక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టాలో తెలియడానికి, మీరే స్వయంగా ఓ నాలుగు ప్రోగ్రాములు తెచ్చేంత కాలం.

జీడీబీలోంచి బయటికి రావడం ఎలా?

ఇది నవ్వులాటకు రాయలేదు, నిజంగా రాత్రి పదకొండుకు ఫోన్ చేసి అడిగారు. క్యూ కొట్టి ఎంటర్. ప్రోగ్రాము ఇంకా నడుస్తుంటే చంపేయమంటావా అని అడుగుతుంది. వై కొట్టండి. కాంటా ప్రోగ్రాముకు అటాచ్ చేసి ఉంటే మాత్రం పని కాగానే డిటాచ్ కొట్టండి, జీడీబీ ఆపి ఉంచినంతసేపూ స్లిప్పుల ప్రోగ్రాము బిగుసుకుని ఉంటుంది, లారీలు లైన్‌లో ఆగిపోయి ఉంటాయి.